చిన్నతల్లి బేరింగు ఊడదీసిన రోజు

మా మొగలిపేటలో చిన్నతల్లి గొంతు తెలియనివాళ్లు లేరు. ఒడ్డున నిలబడి "ఒరే" అని ఒక్క కేక పెట్టిందంటే సముద్రంలో ఉన్న పడవల్లో సగం వెనక్కి తిరుగుతాయి, తమనే పిలిచిందేమోనని. మిగతా సగం ఇంకా లోపలికి పోతాయి. వాళ్లదీ అదే అనుమానం.

మనిషి చూస్తే పొడగరి కాదు. కానీ నడుం మీద చెయ్యేసుకుని నిలబడితే వీధి ఇరుకైపోతుంది. పుట్టింది పక్క ఊళ్లో, పడవలు కట్టే ఇంట్లో. వరసకి మేనమామ అయిన జోగయ్యని చేసుకుని మా పేటకి వచ్చింది. జోగయ్య వేటకి వెళ్తాడు, ఆమె చేపలు అమ్ముతుంది. జోగయ్య పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడే మాటలు ఒక గుప్పిట్లో పట్టేస్తాయి. మిగతావన్నీ ఆమే మాట్లాడుతుంది కాబట్టి ఆ ఇంట్లో లోటు తెలియదు. బడికి ఎందాకా వెళ్లావని ఎవరైనా అడిగితే "గుమ్మం దాకా" అంటుంది. గుమ్మంలో నిలబడే లోపల చెప్పేదంతా వినేసిందట, ఇంక కూర్చోవడం దండగని వచ్చేసిందట. ఇది ఆమె చెప్పిందే. ఇందులో నేను కలిపింది తక్కువ.

మా ఒడ్డు నుంచి కోటబొమ్మాళి సంతకి చేపలు తీసుకెళ్లడానికి చాలాకాలం ఒక్కటే బండి ఉండేది, గోవింద్ ఆటో. గోవింద్ ఆమెకి మరిది వరస. నవ్వుతూ మాట్లాడతాడు, ఆ నవ్వుతోనే తట్టలో చెయ్యి పెడతాడు. ఆటో ఎక్కించుకునే ముందు ప్రతి తట్టలోంచీ మంచి చేప ఏరుకునేవాడు. వంజరం ఉంటే వంజరం, చందువ ఉంటే చందువ. రేటు అతనే చెప్పేవాడు. సంతలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో అతనే చెప్పేవాడు. కాదంటే దిగిపొమ్మనేవాడు. ఎండెక్కితే చేప ఆగదు కదా, ఆడవాళ్లు నోరు మూసుకునేవారు.

ఒకసారి చిన్నతల్లి తట్టలోంచి చెయ్యంత లావు వంజరం తీశాడు. ఆమె ఆటో ఆపించింది. తట్ట నెత్తిన పెట్టుకుని నడిరోడ్డు మీద దిగిపోయింది. అక్కడి నుంచి కోటబొమ్మాళి దాకా నడిచింది. దారి పొడుగునా గోవింద్ వంశాన్ని అరుస్తూ నడిచిందేమో, ఆ అరుపులకి ప్రతి ఊళ్లోనూ జనం బయటికొచ్చారు, వచ్చినవాళ్లు చేపలు కొన్నారు. సంతకి చేరేసరికి తట్ట ఖాళీ.

ఆరోజే కారు కొనాలనుకుంది.

"ఆటో కొనుక్కోవచ్చు గదే" అన్నాడు జోగయ్య. ఆరోజుకి అతని మాటలు అయిపోయాయి.

"ఆటో కొంటే గోవిందుని సూసి కొన్నాదంతారు. కారే కొంతాను" అంది చిన్నతల్లి.

ఆమె చెవుల కమ్మలు మాయమయ్యాయి. గుమ్మం ముందు ఒక పాత తెల్ల డీజిల్ కారు ప్రత్యక్షమైంది. తడి ఇసక మీద, అలలు వెనక్కి వెళ్లినప్పుడు గట్టిపడే చోట, ఆమె డ్రైవింగ్ నేర్చుకుంది. ఆ రోజుల్లో ఒడ్డున పీతలు కూడా కన్నాల్లోంచి రావడం మానేశాయి. లైసెన్సు పరీక్షకి పేట ఆడవాళ్లంతా తోడు వెళ్లారు. ఆమె పాసైందన్న కబురు శ్రీకాకుళం నుంచి ఫోన్లో రాలేదు, కేకలు ఇక్కడికే వినబడ్డాయి.

కారు వెనక సీట్లు పీకేసి చెక్కలు పరిచారు. ఈశ్వరి, ముసలి తాతమ్మ, ఇంకో ఇద్దరు ఆమె కారులో ఎక్కడం మొదలుపెట్టారు. ఎవరి చేప వాళ్లదే, ఎవరి రేటు వాళ్లదే. గోవింద్ ఆటోలో తట్టలు తగ్గిపోయాయి. మా పేట ఆడవాళ్లు సంతకి కారులో దిగుతుంటే, చూడాలి కోటబొమ్మాళి వాళ్ల ముఖాలు! పెళ్లికూతుర్ని తెచ్చారేమోనని ఒకాయన పూల దండ కూడా పట్టుకొచ్చాడంటారు. నేను చూడలేదు, కానీ నమ్ముతాను.

అయితే ఒక పొరపాటు జరిగిపోతూ వచ్చింది. అది పొరపాటని పేటలో ఒక్కరికీ తెలియదు. వేట నుంచి వచ్చిన పడవని మేం సముద్రపు నీళ్లతోనే కడుగుతాం. జోగయ్యకి కారు కూడా పడవలాంటిదే. రోజూ సాయంత్రం దాన్ని అలల అంచుకి తెప్పించి, బకెట్లతో ఉప్పునీళ్లు కొట్టి, కొబ్బరి పీచుతో తోమేవాడు. కింద దూరి మరీ కొట్టేవాడు. ఎంత ప్రేమో! పక్కనున్న మగవాళ్లు తలో బకెట్టూ సాయం చేసేవారు. కారు పైన మెరిసేది. కింద ఏమవుతోందో కారుకే తెలుసు.

మొదట కుడి ముందు చక్రం వైపు నుంచి మూలుగు మొదలైంది. తర్వాత అది ఏడుపయింది. ఒక మధ్యాహ్నం సంత నుంచి తిరిగొస్తుంటే, పేట ఇంకా కనబడక ముందే, చెవులు చిల్లులు పడేలా కీచుమని అరిచి, పొగ చిమ్మి, కారు ఆగిపోయింది. ఆడవాళ్లు ఐదుగురూ దాన్ని తోసుకుంటూ ఇంటికి తెచ్చారు. గోవింద్ ఆటో వాళ్ల పక్కనుంచి నెమ్మదిగా, హారన్ కొట్టుకుంటూ వెళ్లింది.

కోటబొమ్మాళి నుంచి మెకానిక్ మోహనకృష్ణ వచ్చాడు. పడవల కింద పెట్టే దుంగలు తెచ్చి కారుకి దన్ను పెట్టి, కింద దూరి, సాయంత్రం దాకా కుస్తీ పట్టి, ఒక పొడుగాటి ఇనుప కడ్డీని బయటికి లాగాడు. దాని నడుమ ఒక లోహపు కడియం బిగుసుకుని ఉంది.

"ఇది సూడప్పా" అన్నాడు చిన్నతల్లితో. మా వైపు అక్కని అప్పా అంటాం. "డ్రైవ్ షాఫ్టంతారు. ఇంజిను తిరిగితే ఇది తిరిగి సక్రాన్ని తిప్పుతాది. ఇటేపుది పొడుగు కదా, ఊగిపోకుండా మద్దిన బేరింగెట్టినారు. ఆ బేరింగుని ఈ సత్తు కడియం పట్టుకుంతాది. కడియం ఇంజినుకి బిగించుంతాది."

"అయితే ఏటయినాది?"

"బేరింగు తిరగడం మానీసినాది. కొత్తది నాకాడున్నాది, గంటలో ఎక్కించీగల్ను. గాని పాతది కడియంలోంచి ఊడ్డం లేదు. ఉప్పు తినీసి రెండూ ఒకటైపోనాయి."

"కారులోకి ఉప్పెక్కడ్నించొచ్చినాదిరా?" అని అడిగిన చిన్నతల్లి, అడిగిన మాట పూర్తికాకుండానే జోగయ్య వైపు తిరిగింది. జోగయ్య సముద్రాన్ని అప్పుడే మొదటిసారి చూస్తున్నవాడిలా చూస్తున్నాడు.

"సరే, కొట్టి తీసీ."

"కొట్టినాను గదప్పా! ఇంకో దెబ్బేస్తే కడియం పగిలిపోతాది. ఈ పాత మాడలుకి కడియం ఏ షాపులోనూ దొరకదు. అది పగిలితే కారు ఇనప సామాను కిందే లెక్క. శ్రీకాకుళంలో నొక్కి ఊడదీసే ప్రెస్సున్నోడొకడున్నాడు గాని, ఆడు పెల్లికెల్లినాడు. వచ్చే వారం గాని రాడు." మోహనకృష్ణ చేతులు తుడుచుకున్నాడు. "ఊడిందంతే ఫోన్ సెయ్యి. ఎంటనే వచ్చీస్తాను."

అతని బండి మలుపు తిరిగిందో లేదో, గోవింద్ వచ్చాడు. కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

"వదినా, పాపం కారు పడుకున్నాదేటి?"

"నీలాగ కాదులే. లేస్తాది."

"లేవనీ. రేపు సంత నేదు. ఎల్లుండి తెల్లారి నా ఆటోలో మీ తట్టలకి సోటుంచుతాను. ఆరోజు ఎక్కినోల్లు ఎక్కినట్టు. ఎక్కనోల్లని మరింక ఎప్పుడూ ఎక్కించను." అతను ఈశ్వరి వైపు, తాతమ్మ వైపు చూసి నవ్వాడు. "నువ్వూ రావొచ్చు వదినా. కాపోతే ఎనకాల కూకోవాల."

అతను వెళ్లాక ఈశ్వరి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. ఆమెకి మొగుడు లేడు, ముసలి అత్త మంచంలో ఉంది. అమ్మిన రోజు పొయ్యి వెలుగుతుంది, అమ్మని రోజు లేదు.

"అప్పా, నాకు సిగ్గుగానే ఉన్నాది. గాని కారు లేపోతే నాను ఆటో ఎక్కీవల్సిందే. సేప నా కోసం ఆగదు గదా."

మిగతా ఇద్దరూ మెల్లగా ఈశ్వరి పక్కకి జరిగారు. అదే వాళ్ల మాట. చిన్నతల్లి నోరు తెరిచింది, మూసేసింది. ఆమె అలా మూసుకోవడం మా వీధి మొత్తం చూసింది. అప్పటిదాకా అరుస్తున్న కుక్క కూడా ఆగి, ఈవిడకి ఏమైందా అన్నట్టు చూసింది.

జోగయ్యకి అది భరించరానిదైంది. తప్పు తనదని లోపల గుచ్చుకుంటోంది, పైకి చెప్పడానికి మాటలు రావు. పొద్దుగూకుతుండగా, పెళ్లాం ఇంట్లో ఉన్నప్పుడు, పడవకి పూసే జీడిపిక్కల నూనె డబ్బా తెచ్చాడు. మా వైపు జీడి మామిడి తోటలు ఎక్కువ, ఆ పిక్కల తొక్కల్లోంచి తీసిన నల్లటి నూనె పడవ చెక్కలకి పట్టిస్తాం. దాన్ని సెగ మీద వేడి చేసి, బేరింగు చుట్టూ ధారగా పోసి, తృప్తిగా వెళ్లి పడుకున్నాడు.

తెల్లారేసరికి కడియం, బేరింగు, కడ్డీ మూడూ కలిసి తారు ముద్దలా ఉన్నాయి. ఒక ఈగ వాలి లేవలేక గింజుకుంటోంది.

"మావా, ఏటి పోసినావు?"

"జీడిపిక్కల నూనె."

"ఎందుకు?"

"జారతాదని."

"పడవకెందుకు పూస్తావు?"

"సెక్కలు బిగిసి, నీటిసుక్క దిగకుండా గట్టిగా పట్టుంతాయని..." అంటూ అంటూ జోగయ్య ఆగిపోయాడు. తన మాట తన చెవిలోనే పడింది.

తర్వాత చిన్నతల్లి అన్నదంతా రాయడానికి వీలుపడదు. రాస్తే కాగితం కాలిపోతుంది. ఆ తిట్లలో కొన్ని మా పేటకే కొత్త. ఇప్పుడు మేం వాడుకుంటున్నాం. తిట్టడం అయ్యాక ఆమె చేతులకి కొబ్బరినూనె రాసుకుంది, జీడి అంటితే చర్మం పొక్కిపోతుంది మరి. పడవ మోటారు కోసం దాచిన కిరసనాయిలు తెచ్చి, పాత గుడ్డతో ఆ జిగురుని కరిగిస్తూ, చెక్కతో గోకుతూ కూర్చుంది. జోగయ్య ఎదురుగా కూర్చుని తానూ గోకాడు. ఎండ నెత్తిమీదకి వచ్చేసరికి నల్లటి జిగురంతా పోయింది. కానీ లోపలి పట్టు పట్టే. బేరింగు పిసరు కదలలేదు.

"గడ్డి మంటెట్టి కాలుద్దామా?" అన్నాడు జోగయ్య.

"కిరసనాయిలు పోసినదానికి మంటెడతావేటి? నన్నూ కారునీ కలిపే తగలెట్టీ, పని ఒక్కపాలే అయిపోతాది!"

అప్పుడే ఈశ్వరి వచ్చింది. చేతిలో రెండు సత్తు బేసిన్లు, ఒకదాన్లో ఒకటి ఇరుక్కుపోయి ఉన్నాయి. రేపు ఆటోకి సర్దుకోవాలి. చిన్నతల్లి ముఖం చూడకుండానే అడిగింది.

"అప్పా, పిసరంత ఐసుంతే ఇవ్వవా? ఇవి ఊడి సావడం నేదు."

చేపల బేసిన్లు అలా ఇరుక్కోవడం మాకు కొత్త కాదు. తడిగా ఉన్నవి ఒకదాన్లో ఒకటి పడేస్తాం, అవి గాలి లాగేసి పట్టేసుకుంటాయి. లోపలిదాంట్లో ఐసు పోస్తాం, బయటిదాని మీద వేడినీళ్లు పోస్తాం. లోపలిది ముడుచుకుంటుంది, బయటిది సాగుతుంది. మా పేటలో చంటిపిల్లలు మాటలు రాకముందే ఇది నేర్చుకుంటారు.

ఈశ్వరి ఐసు పోసింది. వేడినీళ్లు పోసింది. బేసిన్లు టప్పుమని విడిపోయాయి.

చిన్నతల్లి గోకుతున్న చెక్క ఆపేసింది.

"ఈశ్వరీ, ఇంకోపాలి సెయ్యి."

"ఊడిపోనాయి గదప్పా."

"మల్లీ ఇరికించి సెయ్యి!"

ఈశ్వరికి అర్థం కాలేదు. పిచ్చిదానిలా మళ్లీ ఇరికించి, మళ్లీ ఊడదీసి చూపించింది. చిన్నతల్లి కడియం మీద గోటితో కొట్టింది. "ఇదీ సత్తే గదేటే! బయట సత్తు, లోపల బేరింగు. ఇవీ బేసిన్లేనే ఈశ్వరీ, ఇవీ బేసిన్లే!" అని ఎగిరి లేచింది. అప్పుడు పెట్టిన కేకకి, నిజంగా చెబుతున్నాను, సముద్రం అవతల ఏ దేశం ఉందో ఆ దేశంలో ఎవరో ఒకరు ఉలిక్కిపడి ఉంటారు.

నిమిషాల్లో ఒడ్డంతా జనం. జోగయ్య పడవ ఇసకలో ఉంది, దాని ముక్కుకి మోకు వేసి కడియాన్ని కదలకుండా కట్టేశారు. కడ్డీ రెండో కొసకి ఇంకో మోకు కట్టారు. అది ఆడవాళ్ల చేతిలో. తాతమ్మ పొయ్యి మీద ఎసరు కాగుతోంది. ఐసు పెట్టెలు వరసగా దిగాయి.

గోవింద్ కూడా వచ్చాడు. బోర్లించిన తెప్ప మీద కూర్చుని బజ్జీలు తింటున్నాడు.

"ఏటి వదినా, కారుకి నీల్లు పోస్తన్నావు? మొలకొస్తాదేటి?"

"వస్తాది. కాయలు కాస్తే నీకూ ఒకటిస్తానులే."

ఈశ్వరి, మిగతావాళ్లు కలిసి ఐసు కడ్డీ మీద పోశారు, మరుగుతున్న నీళ్లు కడియం మీద పోశారు. "లాగండే!" అంది చిన్నతల్లి. లాగారు. పడవ ముక్కు కిర్రుమంది. బేరింగు రాలేదు. మళ్లీ పోశారు, మళ్లీ లాగారు. ఐసు నీళ్లయింది, వేడినీళ్లు చల్లారాయి, రెండూ కలిసి ఇసకలోకి ఇంకిపోయాయి.

"బాగా సానం సేయించినావు వదినా. పౌడరు కూడా రాయి" అన్నాడు గోవింద్. మగవాళ్లలో కొందరు నవ్వారు. మావాళ్లే, సిగ్గులేదు. ఒకడు ఇనుప సుత్తి పట్టుకుని ముందుకొచ్చాడు. "ఒగ్గీ అప్పా, ఒక్క దెబ్బకి ఊడగొట్టీస్తాను."

"దాని మీద సుత్తి పడితే నీ మీద పడినట్టే" అంది చిన్నతల్లి. కానీ ఆ మాటలో ముందున్న ఊపు లేదు. ఈశ్వరి మోకు కింద పెట్టేసి, మెల్లగా తన బేసిన్ల వైపు చూసింది. సూర్యుడు కొబ్బరి తోటల వైపు జారుతున్నాడు.

అప్పటిదాకా ఎసరు ఊదుకుంటూ కూర్చున్న తాతమ్మ లేచింది. తాతమ్మకి ఎంత వయసో తాతమ్మకే తెలియదు. నడుం విల్లులా వంగిపోయింది గాని నాలుక మాత్రం తిన్నగా ఉంటుంది.

"ఓలి మీ తెలివి తెల్లారా! బేసిన్లు ఇడదీసినప్పుడు వేడినీల్లు ఐసులోకి పోనిత్తామేటే? అన్నీ కలిపి పులుసు పెడతన్నారు. వేడి బయటే ఉండాల, సలవ లోపలే ఉండాల. అంతేకాక ఆ లాగడమేటి, జుట్టు పట్టుకుని కొట్టుకున్నట్టు! పెద్దవల అలాగే లాగుతారేటి మీయిల్లల్లో?"

పెద్దవల అంటే ఒడ్డున నిలబడి రెండు మోకులతో లాగే వల. దాన్ని గుంజితే తెగుతుంది. బరువు ఆనుకుని, పట్టు వదలకుండా నిలబడాలి. సముద్రం ఎప్పుడు కాస్త వదిలితే అప్పుడు ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. ఈ పని మాకు నేర్పక్కర్లేదు. మర్చిపోయాం అంతే. కారనేసరికి కంగారొచ్చింది.

చిన్నతల్లి ముసలిదాని బుగ్గ గిల్లి పనిలోకి దిగింది. ఈసారి కడియం చుట్టూ పాత చీర గుడ్డ మందంగా చుట్టించింది. మరిగే నీళ్లు ఆ గుడ్డ మీదే పోస్తే వేడి అక్కడే ఆగుతుంది. లోపలివైపు బేరింగుకి, కడ్డీకి కొలిచినట్టు ఐసు గోనె కట్టింది. ఐసులో చేపలకి వేసినట్టే గళ్లుప్పు దట్టించింది, ఉప్పేస్తే ఐసు ఇంకా చల్లబడి కరుస్తుంది. మధ్యలో నీళ్లు దాటకుండా సైకిల్ ట్యూబు ముక్క బిగించింది. ఆ కట్టు చూస్తే ఏదో కాలు విరిగిన మనిషికి కట్టినట్టుంది.

"మావా, నువ్విలా రా. పడవ మేకులు కొట్టే కర్రసుత్తి తే. కడియం సుట్టూ మెల్లగా తట్టుతూ ఉండు. పసిగుంట వీపు తట్టినట్టు. గట్టిగా కొట్టినావో, నీ వీపు నాను తడతాను."

జోగయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు. టక్, టక్, టక్. అంత మెత్తగా ఆ మనిషి ఎప్పుడూ ఏదీ ముట్టుకోలేదు.

ఆడవాళ్లు మోకు పట్టారు. ఈశ్వరి నిలబడి చూస్తోంది. చిన్నతల్లి పిలవలేదు. పిలిస్తే ఎలాగైనా వచ్చేది, అందుకే పిలవలేదనుకుంటాను. ఈశ్వరి తనంతట తానే వచ్చి అందరికంటే ముందు పట్టుకుంది.

"గుంజీకండి. ఆనుకోండి అంతే" అంది తాతమ్మ.

ఆనుకున్నారు. మడమలు ఇసకలో దిగాయి. మోకు తీగలా బిగిసింది. గుడ్డ మీద మరుగునీళ్లు పడుతున్నాయి, ఆవిరి లేస్తోంది, జోగయ్య కర్రసుత్తి తడుతోంది. గోవింద్ ఏదో అన్నాడు గాని ఎవరూ వినలేదు. నవ్విన మగవాళ్లు నవ్వడం మాని దగ్గరికొచ్చారు. వాళ్లలో ఇద్దరు చెప్పకుండానే ఎసరు కుండ మోసుకొచ్చారు.

"కదిలినాది" అన్నాడు జోగయ్య.

"ఏటి?"

"కదిలినాదే తల్లీ!"

"ఒగ్గీకండి! ఒక్కడుగు!"

ఒక్క అడుగు వెనక్కి వేశారు. కడియంలో ఎర్రటి తుప్పు గీత ఒకటి బయటపడింది. ఇంకో అడుగు. గీత వెడల్పయింది. అంతలో ఠంగుమని గుడిగంట కొట్టినట్టు ఒక శబ్దం వచ్చింది. మోకు వదులైపోయి ఆడవాళ్లందరూ ఒకరి మీద ఒకరు వెల్లకిలా పడ్డారు. కడ్డీ బేరింగుతో సహా ఈశ్వరి ఒళ్లో పడింది. ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని పడుకునే అరిచింది, "ఊడినాదప్పో! ఊడినాది!"

అందరూ కడ్డీని చూస్తుంటే చిన్నతల్లి మాత్రం కడియం దగ్గరికి పరిగెత్తింది. గుడ్డ విప్పింది. చెయ్యి కాలుతున్నా వేలు పెట్టి లోపలి అంచు చుట్టూ తడిమింది. ఎక్కడా బీట లేదు. నెర్రె లేదు. దాన్ని గుడ్డతో పట్టుకుని సూర్యుడికి ఎదురుగా ఎత్తింది. దాంట్లోంచి ఆకాశం గుండ్రంగా కనబడింది. గోవింద్ బజ్జీ ఇసకలో పడింది. దాన్ని మళ్లీ తీసుకుని ఊదుకుని తిన్నాడని ఒకరిద్దరు అంటారు.

"మరిదీ, మొలకొచ్చినాది సూడు" అంది చిన్నతల్లి.

మోహనకృష్ణ ఫోన్లో నమ్మలేదు. వచ్చి చూశాక కూడా కాసేపు నమ్మలేదు. కడియం అటూ ఇటూ తిప్పి, "ప్రెస్సులో తీసినా ఇంత సుబ్బరంగా రాదప్పా" అన్నాడు. కడ్డీ మీద మిగిలిన పాత బేరింగుని కోసి తీసి, కొత్తది పైపు ఆనించి ఎక్కించాడు. మళ్లీ కడియంలోకి దించాలి కదా, ఆ పని మాత్రం చిన్నతల్లి అతని చేతికివ్వలేదు. కడ్డీని ఐసు పెట్టెలో చేపల మధ్య పడుకోబెట్టింది, కడియాన్ని ఎసట్లో ముంచింది. బయటికి తీసి కలిపితే బేరింగు తన ఇంటికి తాను వచ్చినట్టు జారి కూర్చుంది. మోహనకృష్ణ ఇప్పుడు కోటబొమ్మాళిలో ఈ పద్ధతి తానే చెప్పానంటున్నాడట. చెప్పుకోనీ. షాపు బోర్డు మీద మాత్రం చిన్నతల్లి పేరు ఉండాలని మా పేట అభిప్రాయం.

చీకటి పడకముందే కారు దుంగల మీంచి దిగింది. ఇంజిన్ వేస్తే మూలుగు లేదు, ఏడుపు లేదు. చిన్నతల్లి కారు చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చి, ఇక మీదట ఈ కారు బోరునీళ్లు తప్ప ఏ నీళ్లూ ముట్టకూడదని పేటంతటికీ ఉత్తర్వు జారీ చేసింది.

తెల్లారింది. వీధి చివర గోవింద్ ఆటో నిలబడింది. ఇటు కారు నిలబడింది. రెండిటి మధ్యా తట్టలతో ఆడవాళ్లు. తాతమ్మ ఆటో వైపు కన్నెత్తకుండా కారు వెనక చెక్క మీద తన చోట్లో కూర్చుండిపోయింది. మిగతా ఇద్దరూ ఆమె వెనకే ఎక్కారు. ఈశ్వరి తట్ట మాత్రం ఆటోలో ఉంది, బేరింగు ఊడకముందే ఆమె గోవింద్‌కి వస్తానని మాటిచ్చేసింది. పొద్దున్నే గోవింద్ మనిషి వచ్చి తీసుకెళ్లి పెట్టేశాడు.

ఈశ్వరి ఆటో దగ్గరికి వెళ్లింది. తట్ట కిందికి దించింది.

"ఈశ్వరీ, సెప్పినాను. దింపితే ఇదే ఆకరు" అన్నాడు గోవింద్.

"ఆకరే" అంది ఈశ్వరి.

తట్ట బరువుకి ఆమె కాస్త వంగింది. జోగయ్య ఎదురెళ్లి ఒక చెయ్యి వేశాడు. తట్ట ఒరగడంతో అడుగున ఉన్న వంజరం ఒకటి బయటపడి తళతళలాడింది. గోవింద్ దాన్ని చూడటం అందరం చూశాం. చిన్నతల్లి గేరు వేసింది.

కోటబొమ్మాళి సంతలో వాళ్లు ఈసారి కూర్చున్నది గోవింద్ చూపించే మూల కాదు. దారికి ఎదురుగా, వచ్చేపోయేవాళ్లకి ముందు తగిలే చోటు. చిన్నతల్లి అప్పటికే ఇద్దరు కొనుగోలుదార్లకి బేరింగు కథ చెప్పడం మొదలుపెట్టేసింది. వాళ్లకి కావలసినవి కవళ్లనే చిన్న చేపలు, వింటున్నది డ్రైవ్ షాఫ్టు. అంతలో రాజాం నుంచి వచ్చిన ఒక హోటలాయన ఈశ్వరి తట్ట ముందు ఆగి వంజరం తోక పట్టి ఎత్తాడు.

"ఇదెంత?"

ఈశ్వరి అలవాటు కొద్దీ వెనక్కి తిరిగి చూసింది. రేటు చెప్పేవాడు అక్కడ ఎవడూ లేడు. గోడ ఉంది, గోడ మీద కాకి ఉంది. ఆమె ముందుకు తిరిగి, గొంతు సవరించుకుని రేటు చెప్పింది. ఎంత చెప్పిందో నేను చెప్పను. గోవింద్ ఏనాడూ పలకని రేటు.

"బాగా ఎక్కువమ్మా" అన్నాడు ఆయన.

"ఎక్కువే. సేప సూడండి" అంది ఈశ్వరి.

ఆయన చేపని చూశాడు. తర్వాత ఈశ్వరిని చూశాడు. సంచీ తెరిచాడు.